మోకాలి అరుగుదల పరిశోధనలో జంతు నమూనాలు

మోకాలి ఆస్టియో ఆర్థ్రైటిస్‌ను మన ఇళ్లలో ‘గుజ్జు అరిగిపోయింది’ అని చెప్పుకుంటారు. అరిగేది మృదులాస్థి ఒక్కటే అయితే పరిశోధన ఇంత కష్టమయ్యేది కాదు. దాని కింది ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో కొత్త ఎముక మొలుస్తుంది, కీలును చుట్టిన పొర వాస్తుంది, తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంకలా ఉండే మెనిస్కస్ చిరుగుతుంది, తొడ కండరం బలం కోల్పోతుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా 59.5 కోట్ల మంది ఏదో ఒక కీలులో ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ రోగభార అధ్యయనం అంచనా. వాళ్లలో ఎక్కువమందికి దెబ్బతినేది మోకాలే. మన దేశంలో ఐదు ప్రాంతాల్లో జరిపి 2016లో ప్రచురించిన ఒక సర్వేలో నలభై దాటినవాళ్లలో 28.7 శాతం మందికి మోకాలి అరుగుదల కనిపించింది. వీళ్లకు వ్యాయామం ఉంది, బరువు తగ్గించుకునే మార్గం ఉంది, నొప్పి మాత్రలున్నాయి, చివరికి కీలు మార్పిడి ఉంది. అరుగుదలను ఆపే మందుగా మాత్రం అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఇంతవరకు ఒక్కదాన్నీ ఆమోదించలేదు. జంతువుల్లో పనిచేసిన మందుల జాబితా చాలా పొడుగ్గా ఉన్నా పరిస్థితి ఇదే.

ఈ అంతరాన్ని చూసి జంతు నమూనాలు పనికిరావని తేల్చేవాళ్లున్నారు. అవే లేకపోతే ఈ జబ్బు గురించి మనకు ఏమీ తెలిసేది కాదనేవాళ్లూ ఉన్నారు. నా అభిప్రాయంలో జంతు నమూనాను రోగికి చిన్న ప్రతిరూపంగా చూడడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఒక్కో నమూనా ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పడానికి తయారైంది. ఆ ప్రశ్నకు అది చాలావరకు సరైన జవాబే చెప్పింది. దాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా తీసుకున్న చోట క్లినికల్ ట్రయల్స్ కూలిపోయాయి. గత యాభై ఏళ్ల ఆధారాలు ఎక్కువగా ఈ దిక్కే చూపుతున్నాయి.

జంతువుల అవసరం ఎందుకొచ్చిందో ముందు చూడాలి. మనిషిలో ఈ జబ్బు ఏ రోజు మొదలైందో ఎవరూ చెప్పలేరు. రోగి డాక్టరు దగ్గరకు వచ్చేసరికి ఏళ్లు గడిచి ఉంటాయి. పరిశోధకుల చేతికి దొరికే మానవ మృదులాస్థి సాధారణంగా కీలు మార్పిడి ఆపరేషన్‌లో తీసేసినది, అంటే కథలో ఆఖరి పుట. మొదటి వారంలో ఏ ఎంజైము లేచింది, ఎముక ముందు మారిందా మృదులాస్థి ముందు మారిందా, పొర వాపు కారణమా ఫలితమా అన్నవి ఆ ముక్కలో కనిపించవు. జంతువులో మొదటి రోజు మనకు తెలుసు. రెండో వారంలోనూ ఎనిమిదో వారంలోనూ కీలును తెరిచి పోల్చవచ్చు. ఒక జన్యువును తీసేసి మిగతావన్నీ అలాగే ఉంచవచ్చు. ఈ మూడు సౌకర్యాలూ మనిషిలో లేవు, గాజుపళ్లెంలో పెంచిన కణాల్లోనూ పూర్తిగా లేవు.

ఈ ఆలోచనతోనే 1970లో స్వీడన్‌కు చెందిన హుల్త్, ఆయన సహచరులు కుందేళ్ల మోకాలి లిగమెంట్లను కోసి, కీలు సడలితే అరుగుదల ఎలా సాగుతుందో వర్ణించారు. 1973లో పాండ్, న్యూకీ కుక్కల్లో ముందువైపు క్రూసియేట్ లిగమెంట్‌ను మాత్రమే కోసే పద్ధతిని ప్రచురించారు. వాళ్ల పేరుతోనే ప్రసిద్ధమైన ఈ నమూనా చాలాకాలం ఈ రంగానికి ప్రమాణంగా నిలిచింది. కుక్కల్లో మొదట్లో మృదులాస్థి పలచబడదు, నీరు పట్టి ఉబ్బుతుంది. ఇండియానా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ బ్రాండ్ట్ బృందం అలాంటి కుక్కలను 54 నెలల దాకా గమనించి, చివరికి మృదులాస్థి పూర్తిగా ఊడి ఎముక బయటపడుతుందని 1991లో చూపించింది. ఆ ఓపిక లేకపోయి ఉంటే, ఆ నమూనాలో వచ్చేది నిజమైన అరుగుదల కాదు, మానిపోయే గాయమే అన్న వాదం నిలిచిపోయేది. తర్వాత పరిశోధన చిట్టెలుకల వైపు మళ్లింది, ఎందుకంటే జన్యువులను మార్చడం వాటిలోనే సులభం. 2007లో సోన్యా గ్లాసన్ బృందం ప్రచురించిన పద్ధతిలో లోపలివైపు మెనిస్కస్‌ను కాలి ఎముకకు కట్టి ఉంచే చిన్న లిగమెంట్‌ను మాత్రమే తెంపుతారు. మెనిస్కస్ జారుతుంది, బరువు చిన్న స్థలంలో కేంద్రీకృతమవుతుంది, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో అరుగుదల మొదలై పెరుగుతుంది. డీఎంఎం అనే పొట్టిపేరుతో పిలిచే ఈ శస్త్రచికిత్స ఇవాళ అత్యంత ప్రాచుర్యంలో ఉన్న నమూనా. కత్తి పెట్టకుండా, కాలిని యంత్రంలో ఒక్కసారి నొక్కి లిగమెంట్ తెగేలా చేసే పద్ధతి కూడా 2012 నాటికి వచ్చింది. కోత గాయం కలగలిపే వాపు దానిలో ఉండదు.

శస్త్రచికిత్స అక్కర్లేని జంతువులూ ఉన్నాయి. డంకిన్-హార్ట్లీ గినీ పందులకు మూడో నెల నుంచే మోకాలి లోపలిభాగంలో అరుగుదల దానంతట అదే మొదలవుతుంది. ఏడాదిన్నరకు తీవ్రమవుతుంది. వాటికి తిండి తగ్గించి బరువు అదుపులో పెడితే జబ్బు నెమ్మదిస్తుంది. మనిషిలో ఎక్కువగా చూసే తీరుకు ఇది చాలా దగ్గర. ఎస్‌టీఆర్/ఆర్ట్ అనే చిట్టెలుకల వంశంలో మగవాటికి జబ్బు ఎక్కువ. అమెరికా ద్వీపం ప్యూర్టో రికో పక్కన కాయో సాంటియాగోలో స్వేచ్ఛగా తిరిగే రీసస్ కోతులకు ముసలితనంలో మనలాగే మోకాళ్లు అరుగుతాయని కూడా తేలింది. 1938లో అక్కడ వదిలిన తొలి కోతులు భారతదేశం నుంచి పట్టుకెళ్లినవే. ఇక రసాయన నమూనాలు. అయోడో ఎసిటేట్‌ను ఎలుక కీలులోకి ఎక్కిస్తే, గ్లూకోజ్ నుంచి శక్తి తీసే ఒక ఎంజైము ఆగిపోయి, మృదులాస్థి కణాలు చచ్చిపోతాయి. కొన్ని రోజుల్లోనే నొప్పి మొదలవుతుంది, వారాల్లో కీలు పాడవుతుంది. మనిషికి మృదులాస్థి ఇలా విషం తగిలినట్టు చావదు. ఈ ఎలుకల మృదులాస్థిలో జన్యువుల పనితీరు మానవ రోగుల దానితో అంతగా కలవదు కూడా. కాబట్టి అరుగుదలను ఆపే మందును వెతకడానికి ఇది తప్పు చోటు. నొప్పి నాడీ మార్గాలను చదవడానికి, నొప్పి మందుల బలాబలాలు తూచడానికి మాత్రం పనికొస్తుంది. ఈ తేడాను మరచి అయోడో ఎసిటేట్ ఎలుకల్లో మృదులాస్థిని కాపాడిందంటూ ఏదో మొక్క సారం గురించి రాసిన వ్యాసాలు కోకొల్లలు. ఈ రంగానికి జరుగుతున్న నష్టంలో పెద్ద భాగం వాటిదేనని నేననుకుంటాను.

ప్రశ్నకూ నమూనాకూ పొత్తు ఎంత ముఖ్యమో తెలియాలంటే అడామ్‌టీఎస్-5 అనే ఎంజైము చరిత్ర చూడాలి. మృదులాస్థికి నీటిని పట్టి ఉంచి సాగుదల ఇచ్చే పెద్ద అణువు అగ్రికాన్. దాన్ని కోసే ఎంజైములు అడామ్‌టీఎస్ కుటుంబంలో ఉన్నాయని అప్పటికి తెలుసు, అసలు కత్తి ఏదో తెలియదు. 2005లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి, ఒకటి గ్లాసన్ బృందానిది, మరొకటి ఆస్ట్రేలియా బృందానిది. అడామ్‌టీఎస్-5 పనిచేయని చిట్టెలుకల్లో అగ్రికాన్ నష్టం బాగా తగ్గిందని రెండూ చెప్పాయి. గ్లాసన్ చిట్టెలుకలకు కీలు సడలించినా అరుగుదల చాలావరకు రాలేదు. అడామ్‌టీఎస్-4ను తీసేసిన చిట్టెలుకలకు అలాంటి రక్షణ దొరకలేదు. జంతు నమూనా ఎంత శుభ్రంగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పగలదో దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఎంజైమును అడ్డుకునే మాత్ర జీఎల్‌పీజీ-1972 చిట్టెలుకల్లోనూ ఎలుకల్లోనూ మృదులాస్థిని కాపాడింది. ఆ తర్వాత రోసెల్లా అనే ట్రయల్‌లో 932 మంది రోగులకు ఏడాదిపాటు దాన్ని లేదా ప్లాసిబోను ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది. మూడు మోతాదుల్లో ఏదీ ప్లాసిబో కంటే మృదులాస్థి నష్టాన్ని తగ్గించలేదు. మందు రక్తంలోకి చేరకపోవడం వల్ల కాదు, అగ్రికాన్ ముక్కల స్థాయి రక్తంలో తగ్గింది కూడా.

చిట్టెలుక అబద్ధం చెప్పిందా? దాన్ని అడిగిన ప్రశ్న ఇది: పుట్టుకతోనే ఈ ఎంజైము లేని యువ జంతువుకు, కీలు సడలించిన తర్వాత తొలి వారాల్లో మృదులాస్థి నష్టం తగ్గుతుందా? తగ్గుతుందని అది చెప్పింది. ట్రయల్ అడిగిన ప్రశ్న వేరు: ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్న నడివయసు, వృద్ధ రోగికి ఇప్పుడు ఈ ఎంజైమును ఆపితే నష్టం ఆగుతుందా? ఈ రెంటి మధ్య కనీసం మూడు అంతరాలున్నాయి. మొదటిది, జబ్బు రాకముందే అడ్డుకోవడం, ముదిరాక ఆపడం ఒకటి కాదు. రెండోది, మానవ మృదులాస్థిలో అడామ్‌టీఎస్-4, 5 రెండూ పాలుపంచుకుంటాయని 2007లోనే ప్రయోగశాలలో తేలింది. మూడోది, ఎక్కువమంది రోగులకు లిగమెంట్ తెగి జబ్బు రాలేదు. అమెరికాలో లక్షణాలున్న ఆస్టియో ఆర్థ్రైటిస్‌లో గాయం వల్ల వచ్చింది సుమారు 12 శాతమేనని ఒక ప్రసిద్ధ అంచనా. డీఎంఎం చిట్టెలుక నిజంగా పోలేది ఆ 12 శాతాన్ని. క్రూసియేట్ లిగమెంట్ తెగిన వాళ్లలో దాదాపు సగం మందికి పది, ఇరవై ఏళ్లలో అరుగుదల వస్తుంది. వాళ్లకు గాయమైన తొలి నెలల్లో ఇదే మందు ఇచ్చి చూస్తే ఏమయ్యేదో ఆ ట్రయల్ చెప్పలేదు. చిట్టెలుక ఇచ్చిన సూచన మాత్రం కచ్చితంగా దాని గురించే.

ఇదే తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. లిగమెంట్ కోసిన కుక్కలకు డాక్సీసైక్లిన్ అనే మందును ముందు నుంచే ఇస్తే తొడ ఎముక చివర మృదులాస్థి నష్టం బాగా తగ్గిందని 1992లో వచ్చింది. 2005లో ప్రచురించిన ట్రయల్‌లో 431 మంది స్థూలకాయ మహిళలకు దాన్ని లేదా ప్లాసిబోను 30 నెలలపాటు ఇచ్చారు. జబ్బున్న మోకాలిలో కీలు సందు ఇరుకవడం నెమ్మదించింది. నొప్పి తగ్గలేదు. ఎలుకల్లో మృదులాస్థిని పెంచిన స్ప్రైఫెర్మిన్ అనే మందు సంగతీ అంతే. 549 మందితో జరిగి 2019లో వెలువడిన ట్రయల్‌లో ఎక్కువ మోతాదు పొందిన వాళ్ల మృదులాస్థి రెండేళ్లకు ప్లాసిబో పొందిన వాళ్ల కంటే 0.05 మిల్లీమీటరు మందంగా ఉంది. నొప్పిలో తేడా లేదు. చిట్టెలుక మోకాలి మృదులాస్థి మొత్తం మందం దాదాపు అంతే, సుమారు 0.05 మిల్లీమీటరు. మనిషిది రెండు మిల్లీమీటర్ల పైన. చిట్టెలుకలో ఒక పొర మిగిలితే కీలంతా మిగిలినట్టు. మనిషిలో అదే మందం కొలతకు అందే మార్పే గానీ, నడకలో తెలిసే మార్పు కాదు. ముసలి కణాలను తొలగిస్తే మోకాలు బాగుపడుతుందని లిగమెంట్ తెగిన చిట్టెలుకలతో 2017లో వెలువడిన పరిశోధన గొప్ప ఆశ రేపింది. ఆ పరిశోధనలో వాడిన మందు యూబీఎక్స్-0101తో 183 మంది రోగులపై జరిపిన ట్రయల్‌లో 12 వారాల తర్వాత నొప్పిలో ప్లాసిబోకూ దానికీ తేడా కనిపించలేదని 2020 ఆగస్టులో ప్రకటించారు. ఈ మూడింటిలోనూ జంతువులో ప్రధానంగా చూసింది మృదులాస్థి. రోగి అడిగింది నొప్పి. ఆ రెండూ కలిసి నడవాలని ప్రకృతి ఎక్కడా హామీ ఇవ్వలేదు.

అవి విడివిడిగా నడుస్తాయని చెప్పింది కూడా జంతువులే. 2012లో షికాగోలోని మిల్లర్, మల్ఫే బృందం డీఎంఎం చేసిన చిట్టెలుకల్లో సీసీఆర్-2 అనే గ్రాహకం లేనివాటిని మామూలు వాటితో పోల్చింది. రెండు గుంపుల్లో కీలు ఒకేలా పాడైంది. గ్రాహకం లేనివాటికి మొదట వచ్చిన నొప్పి ఎనిమిది వారాల నుంచి తగ్గుముఖం పట్టింది, మిగిలినవాటికి తగ్గలేదు. నొప్పి కొంత నాడుల్లో తన దారి తాను ఏర్పరచుకుంటుందన్న మాట. నరాల ఎదుగుదల కారకాన్ని అడ్డుకునే యాంటీబాడీల ప్రయత్నం ఈ దారిలోదే. ఎలుకల్లోనూ చిట్టెలుకల్లోనూ వాటితో నొప్పి తగ్గింది. మనుషుల్లోనూ తగ్గింది. అలాంటి యాంటీబాడీ టానెజుమాబ్‌తో జరిపి 2010లో ప్రచురించిన ట్రయల్‌లో నడిచేటప్పటి నొప్పి 45 నుంచి 62 శాతం తగ్గగా, ప్లాసిబోతో 22 శాతమే తగ్గింది. ఇలాంటి ఫలితం ఈ జబ్బులో అరుదు. ఆ ఏడాదే కొందరి కీళ్లు వేగంగా శిథిలమవడంతో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రయల్స్‌ను నిలిపివేసింది. తర్వాత జాగ్రత్తలతో అనుమతించినా ఆ ప్రమాదం పోలేదు. 2021 మార్చిలో ఎఫ్‌డీఏ సలహా సంఘంలో 19 మంది వ్యతిరేకంగా, ఒకరు అనుకూలంగా ఓటేశారు. కంపెనీలు మందును వదులుకున్నాయి.

జంతువులు ఈ ప్రమాదాన్ని ముందే చూపలేదా? చూపాయి. ఇండియానాలోనే బ్రయన్ ఓకానర్, బ్రాండ్ట్ 1980లలోనూ 1990ల తొలినాళ్లలోనూ కుక్కల కాలి స్పర్శ నాడులను ముందుగా తొలగించి, ఆ తర్వాత లిగమెంట్ కోశారు. మామూలు కుక్కల్లో నెలలు, ఏళ్లు పట్టే విధ్వంసం వీటిలో కొన్ని వారాల్లోనే జరిగింది. లిగమెంట్ బాగున్న కుక్కల్లో స్పర్శ పోయినా కీలు చాలావరకు నిలిచింది. నొప్పి చెడిపోయిన కీలుకు కాపలా అన్న సూచన అందులో స్పష్టంగానే ఉంది. టానెజుమాబ్ ఇచ్చిన ఎలుకలు చెడిన మోకాలిపై మామూలుగా బరువు మోపి, అందువల్ల మృదులాస్థిని ఎక్కువ పాడుచేసుకున్నాయని 2017లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. అది మనుషుల్లో ప్రమాదం బయటపడిన తర్వాత వచ్చింది. నొప్పి కొలిచిన ప్రయోగశాలలు కీలును సరిగా చూడలేదు, కీలును చూసిన ప్రయోగశాలలు నొప్పిని కొలవలేదు. ఆ రెండు కొలతలనూ ఒకే జంతువులో ఒకేసారి తీసుకుని ఉంటే, కుక్కల పాత ప్రయోగాలు చెప్పినదాన్ని కంపెనీలు ముందే వినేవి.

ఇది జరిగాక చెప్పే తెలివి అని ఎవరైనా అనవచ్చు. ఓడిపోయిన ప్రతి మందుకూ ‘నమూనా సరే, ప్రశ్న తప్పు’ అంటే, ఇక నమూనా ఎప్పటికీ తప్పు కాలేదు కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దానికి నా సమాధానం రెండు భాగాలు. కుక్కల నాడుల ప్రయోగం మందు రాకముందే జరిగింది, అడామ్‌టీఎస్-4 గురించి హెచ్చరిక 2007 నాటిది, నష్టాన్ని ముందే అడ్డుకునే మోతాదులు ఇచ్చారన్న మాట 1992 కుక్కల వ్యాసంలోనే ఉంది. ఇవేవీ ఫలితం చూశాక అల్లినవి కావు. రెండోది, నమూనాను తప్పని రుజువు చేయడం సాధ్యమే. ముదిరిన జబ్బున్న ముసలి గినీ పందిలో ఆలస్యంగా మొదలుపెట్టిన మందు నొప్పినీ మృదులాస్థినీ రెంటినీ మెరుగుపరిచి, అదే మందు అదే దశ రోగుల్లో విఫలమైతే, అప్పుడు తప్పు నిస్సందేహంగా నమూనాదే. అలా సరిపోల్చిన ప్రయత్నాలు చాలా తక్కువ.

స్థూలకాయం విషయంలో మాత్రం ప్రశ్నను సరిగా పెట్టారు, అందుకే జవాబు ఆశ్చర్యం కలిగించింది. బరువెక్కువైతే మోకాలిపై భారం పెరుగుతుంది కాబట్టి అరుగుతుందన్నది అందరి నమ్మకం. బరువు మోయని చేతివేళ్ల కీళ్లలో కూడా స్థూలకాయులకు అరుగుదల ఎక్కువ కావడాన్ని ఆ నమ్మకం వివరించదు. 2009లో ఫర్షిద్ గిలక్ ప్రయోగశాల, కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోను లేని, లేదా దాన్ని అందుకోలేని చిట్టెలుకలను పరీక్షించింది. అవి విపరీతంగా లావెక్కాయి, మోకాళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. బరువొక్కటే కారణమైతే వాటికి జబ్బు రావాలి. తర్వాత అదే బృందం, సెయింట్ లూయిస్‌కు మారాక, అసలు కొవ్వే లేని చిట్టెలుకలకు డీఎంఎం చేసి చూసింది. 2021లో ప్రచురించిన ఆ పనిలో వాటికి అరుగుదల చాలా తక్కువ. కొద్దిపాటి కొవ్వును మార్పిడి చేస్తే జబ్బుకు మళ్లీ లోనయ్యాయి. శరీర బరువులో తేడా లేకుండా కొవ్వు నుంచి వచ్చే సంకేతాలు మాత్రమే కీలును పాడుచేస్తాయని ఇంత నేరుగా మనిషిలో ఎవరూ చూపలేరు. అయితే భారం లెక్కలోకి రాదని దీని అర్థం కాదు. సెమాగ్లూటైడ్ అనే మందుతో 407 మంది స్థూలకాయ మోకాలి రోగులపై జరిగి 2024లో వెలువడిన ట్రయల్‌లో మందు పుచ్చుకున్నవాళ్ల బరువు 13.7 శాతం, ప్లాసిబో వాళ్లది 3.2 శాతం తగ్గింది. నొప్పి స్కోరు మందుతో 41.7, ప్లాసిబోతో 27.5 పాయింట్లు పడిపోయింది. ఈ మేలులో ఎంత భాగం భారం తగ్గడంది, ఎంత కొవ్వు సంకేతాలది అన్నది ఇంకా విడదీయాల్సి ఉంది. దాన్ని విడదీయడానికి మంచి చోటు మళ్లీ జంతు ప్రయోగశాలే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అభివృద్ధి చేసిన, పుట్టుకతోనే స్థూలకాయం వచ్చే ఎలుకల వంశం ఇలాంటి ప్రశ్నకు వాడదగినదని నాకనిపిస్తుంది.

మన జనానికి దగ్గరైన మరో ప్రశ్న ఉంది. చిట్టెలుక, కుక్క, గొర్రె అన్నీ మోకాలు వంచి నిలబడతాయి. మనిషి దాన్ని చాచి రెండు కాళ్లపై నిలబడతాడు. మనలో చాలామంది రోజూ బాసింపట్టు వేసుకుంటారు, గొంతుక్కూర్చుంటారు. ఎక్కువసేపు గొంతుక్కూర్చునే అలవాటుకూ మోకాలి అరుగుదలకూ సంబంధం ఉందని బీజింగ్ వృద్ధులపై 2004 నాటి అధ్యయనం చూపింది. ఈ యాంత్రిక పరిస్థితిని ఏ నాలుగు కాళ్ల జంతువూ అనుకరించలేదు. మోకాలి ఆకారాన్ని తీర్చే జన్యు భాగాలను చిట్టెలుకలో మార్చి, ఆకారంలో చిన్న తేడా అరుగుదలకు దారితీస్తుందని 2020లో అమెరికా బృందం చూపగలిగింది. ఆ పరిమితిలో అది విలువైన పనే. భంగిమకు సంబంధించిన ప్రశ్నలకు మాత్రం మనుషుల సర్వేలే జవాబివ్వాలి. వయసూ లింగమూ కూడా ఇలాగే నిర్లక్ష్యానికి గురయ్యాయి. ఆడవాళ్లకే మోకాలి అరుగుదల ఎక్కువ. డీఎంఎం మగ చిట్టెలుకల్లో తీవ్రంగా వస్తుంది కాబట్టి, ఎక్కువమంది పరిశోధకులు పది, పన్నెండు వారాల మగవాటినే వాడుతూ వచ్చారు. ఏడాది వయసున్న చిట్టెలుకల్లో అదే శస్త్రచికిత్సకు జబ్బు తీవ్రంగా రావడమే కాక, పనిచేసే జన్యువులే వేరుగా ఉన్నాయని 2012లో రిచర్డ్ లోసర్ బృందం చూపింది. ఏడాది పెంచాలంటే ఖర్చు, స్థలం, ఓపిక కావాలి. ఆ ఖర్చు మిగిల్చి వందల మంది రోగులతో విఫలమైన ట్రయల్ నడిపితే చివరికి ఆదా అయిందేమిటి?

మనిషికి దగ్గరగా ఉండే పెద్ద జంతువుల్నే వాడవచ్చు కదా అన్న మాటలో బలముంది. గొర్రె, మేక, గుర్రం మృదులాస్థి మందం చిట్టెలుకదాని కంటే మనకు చాలా దగ్గర. ఆర్త్రోస్కోప్ వాటి కీళ్లలో దూరుతుంది, కీలుద్రవం పదే పదే తీయవచ్చు. మృదులాస్థి లోపాలను పూడ్చే పదార్థాలూ పద్ధతులూ పరీక్షించాలంటే ఇవే సరైనవి, చిట్టెలుకలో ఆ ప్రయోగమే అర్థరహితం. అయినా వీటిలో కూడా ఎక్కువగా జరిగేది పడుచు, ఆరోగ్య జంతువుపై శస్త్రచికిత్సే. ఖర్చు వల్ల ఒక్కో గుంపులో కొద్ది జంతువులే ఉంటాయి, కొద్ది సంఖ్యతో చిన్న ప్రయోజనాలను పట్టుకోలేం. పరిమాణం మనకు దగ్గరైనంత మాత్రాన జబ్బు దగ్గరైపోదు. జంతువులను పూర్తిగా మానేయాలన్న వాదం మరింత గంభీరమైనది, ఎందుకంటే ఈ ప్రయోగాల్లో నొప్పి పక్కఫలితం కాదు, చాలాసార్లు కొలిచే వస్తువే అది. రస్సెల్, బర్చ్ 1959లో చెప్పిన మార్పిడి, తగ్గింపు, మెరుగుదల సూత్రాలు ఇక్కడ పూర్తి బరువుతో వర్తిస్తాయి. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడ్డ కమిటీ, ప్రతి సంస్థలోని నైతిక సంఘం ఇలాంటి ప్రయోగాలకు అనుమతి ఇవ్వాలి. 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువులకు బదులు కణ సముదాయాలు, అవయవ చిప్‌లు, కంప్యూటర్ నమూనాలు కూడా అంగీకరించారు. కీలు మార్పిడిలో తీసిన మృదులాస్థి ముక్కలపై మానవ ఎంజైముల ప్రశ్నలు నేరుగా అడగవచ్చు. ముందే చేసి ఉంటే అడామ్‌టీఎస్-4 విషయం ఇంకా గట్టిగా తెలిసేది. ఒక మోకాలిలో నడక, కండరం, కొవ్వు, నాడి, మెదడు కలిసి చేసే పనిని ఏ చిప్‌లోనూ ఇంకా పెట్టలేకపోతున్నాం. ఎక్కడ పెట్టగలమో అక్కడ జంతువును వాడడం తప్పనే నేనంటాను. అయోడో ఎసిటేట్‌తో మరో మొక్క సారాన్ని పరీక్షించడం అలాంటిదే.

మిగిలిన చోట ఏం చేయాలో పెద్ద రహస్యమేమీ కాదు. చికిత్సను నష్టం కనిపించాక మొదలుపెట్టాలి. మగ, ఆడ, యువ, వృద్ధ జంతువుల ఫలితాలు విడివిడిగా చెప్పాలి. కణజాలాన్ని ఏ గుంపుదో తెలియని వ్యక్తి, అంతర్జాతీయ ఆస్టియో ఆర్థ్రైటిస్ పరిశోధన సంఘం 2010లో ఒక్కో జంతువుకు విడిగా ఇచ్చిన కొలమానంతో చూడాలి. నొప్పి, నడక, కీలు ఒకే జంతువులో కలిపి కొలవాలి. ఈ ప్రమాణాలకు నిజంగా దగ్గరగా నిలబడేవి ప్రయోగశాల జంతువుల కంటే ఇంటి కుక్కలని నా నమ్మకం. లిగమెంట్ బలహీనత, వయసు, బరువు కలిసి వాటికి జబ్బు దానంతట అదే వస్తుంది. యజమానుల ఇంట్లోనే ఉండి, ఏళ్లపాటు పరీక్షలకు వస్తాయి. మనుషులకు నిరాకరించిన నరాల కారకపు యాంటీబాడీల కోవకే చెందిన బెడిన్‌వెట్‌మాబ్‌ను కుక్కల కోసం ఐరోపా 2020లో, అమెరికా 2023లో ఆమోదించాయి. వాటిలో కూడా కొన్నిటికి కీళ్లు వేగంగా చెడుతున్నాయన్న నివేదికలపై పశువైద్యుల్లో చర్చ సాగుతోంది. ఏ కుక్కలకు ఈ మందు మేలు చేస్తుంది, ఏ కుక్కలకు కీలు కూలుతుంది అన్నది ఎక్స్-రేలతో, నడక కొలతలతో క్రమబద్ధంగా నమోదు చేస్తే, టానెజుమాబ్ మనుషుల ట్రయల్స్ తేల్చలేకపోయిన ప్రశ్నకు జవాబు అక్కడే దొరికే అవకాశం ఉంది.